వెనుక నుంచి వచ్చే శబ్దం: హెడ్‌ఫోన్లు, గది స్పీకర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సరౌండ్ సౌండ్ కోసం హెడ్‌ఫోన్ చాలునా, గది నిండా స్పీకర్లు అమర్చుకోవాలా అన్నదే ఆ విషయం. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడవైనదే, కానీ మిగిలిన వాటికి అదే పునాది కాబట్టి దానిని దాటవేయవద్దని మనవి.

ప్రశ్న: ఇంట్లో అందరూ నిద్రపోయాక సినిమాలు చూడడం నాకు అలవాటు. అందుకని పెట్టె మీద 7.1 (అంటే ఏడు స్పీకర్లు, మంద్రధ్వనికి ఒక సబ్‌వూఫర్) అని రాసి ఉన్న హెడ్‌ఫోన్ కొన్నాను. మిత్రుడి ఇంట్లో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్నాయి. ఒకే సినిమాలోని ఒకే సన్నివేశంలో హెలికాప్టర్ అక్కడ నా వీపు వెనుక కుడివైపు నుంచి వచ్చి ఎడమ భుజం పక్కగా ముందుకు వెళ్లింది. నా హెడ్‌ఫోన్‌లో మాత్రం కుడి చెవిలో మొదలై ఎడమ చెవిలో ఆగింది, మధ్యలో నా తల లోపలి నుంచే పోయినట్టు అనిపించింది. మనిషికి ఉన్నవి రెండు చెవులే కదా, రెండు స్పీకర్లు ఎందుకు చాలవు? లోపం హెడ్‌ఫోన్‌దా, నా చెవులదా?

జవాబు: మీ చెవులలో లోపం లేదు. అవి అచ్చంగా మీవే కావడం, మరెవరి చెవుల్లాగానూ లేకపోవడమే ఇక్కడి చిక్కు. రెండు చెవులకు రెండు స్పీకర్లు చాలునన్న మీ వాదన సూత్రప్రాయంగా సరైనదే. గదిలో కూర్చున్నప్పుడు మీ కర్ణభేరిని చేరే కంపనాలను హెడ్‌ఫోన్ ఉన్నవి ఉన్నట్టుగా అందించగలిగితే మీకు ఏ తేడా తెలియకూడదు. ఆ ‘ఉన్నవి ఉన్నట్టుగా’ అన్న దగ్గరే కష్టమంతా ఉంది.

శబ్దం ఎటు నుంచి వచ్చిందో మెదడు కొన్ని ఆనవాళ్లను బట్టి పసిగడుతుంది. కుడివైపు మోగిన శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి ఒక్క పిసరు ఆలస్యంగా చేరుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, తల వెడల్పేమో జానెడుకు మించదు, కాబట్టి ఈ ఆలస్యం ఎంత ఎక్కువైనా మిల్లీసెకనులో మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలో పదో వంతు తేడా వచ్చినా మెదడు దానిని గుర్తుపట్టగలదు. రెండో ఆనవాలు తీవ్రత. తల అడ్డు రావడం వల్ల అవతలి చెవికి కీచుగా ఉండే స్వరాలు బాగా తగ్గి చేరుతాయి. తక్కువ పౌనఃపున్యాల దగ్గర కాలభేదం, ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర తీవ్రతాభేదం మనకు దారి చూపుతాయని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించారు.

అయితే ఈ రెండింటి వల్ల కుడి ఎడమలు తెలుస్తాయి గానీ ముందు వెనుకలు తెలియవు. ముక్కుకు సూటిగా ఉన్న శబ్దమైనా, మెడ వెనుక ఉన్న శబ్దమైనా రెండు చెవులకూ ఒకేసారి, ఒకే తీవ్రతతో చేరుతుంది. అక్కడ ఆదుకునేది చెవి డొప్ప. దాని మడతలలో, గుంటలలో తగిలి చెదిరే క్రమంలో శబ్దంలోని కొన్ని పౌనఃపున్యాలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ముందు నుంచి వస్తే ఒక రకంగా, వెనుక నుంచి వస్తే మరో రకంగా, పై నుంచి వస్తే ఇంకో రకంగా ఈ మార్పు ఉంటుంది. పుట్టినది మొదలు ఈ తేడాలన్నీ మెదడుకు అలవాటై ఉంటాయి.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కళ్లు మూసుకుని, తల కదపకుండా కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఎవరినైనా తాళంచెవుల గుత్తిని ఒకసారి మీ ముఖానికి ఎదురుగా, మరోసారి మెడ వెనుక, మూరెడు దూరంలో గలగలలాడించమనండి. ఎటువైపు మోగిందో తడుముకోకుండా చెప్పగలుగుతారు. తరువాత చెవి రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుంటూ, రెండు చెవి డొప్పలనూ వేళ్లతో తలకేసి అదిమిపట్టి అదే పరీక్ష మళ్లీ చేయండి. కుడి ఎడమల విషయంలో ఇప్పుడు కూడా పొరపడరు గానీ ముందు వెనుకల దగ్గర తికమక మొదలవుతుంది. నేను చేసినప్పుడు మెడ వెనుక మోగిన తాళాలను ఎదురుగా ఉన్నాయని నమ్మకంగా చెప్పి నవ్వులపాలయ్యాను. చివరగా, చెవులు అదిమిపట్టే ఉంచి తలను మాత్రం కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ వినండి. తికమక చాలావరకు పోతుంది. తల కుడికి తిరిగితే ఎదుటి శబ్దం ఎడమ చెవికి దగ్గరవుతుంది, వెనుకటి శబ్దం కుడి చెవికి దగ్గరవుతుంది. తల కదలికకు ఇంత ప్రాముఖ్యం ఉందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హాన్స్ వాలక్ 1940లో ప్రయోగపూర్వకంగా చూపించారు.

ఇప్పుడు మీ హెడ్‌ఫోన్ సంగతికి వద్దాం. అది చెవి డొప్పకు ఆనుకుని, పక్క నుంచి నేరుగా శబ్దాన్ని లోపలికి పంపుతుంది. దిక్కును బట్టి చెవి డొప్ప చేయవలసిన వడపోత అక్కడ జరగదు. కుడి కప్పులోని శబ్దం ఎడమ చెవికి చేరనే చేరదు, గదిలోనైతే ప్రతి స్పీకరూ రెండు చెవులకూ వినిపిస్తుంది. పైగా మీరు తల తిప్పితే హెడ్‌ఫోన్ కూడా తలతోపాటే తిరుగుతుంది. ఎంత తిప్పినా మారని శబ్దం ఎక్కడ ఉండగలదు అని మెదడు ఆలోచిస్తే దానికి దొరికే సమాధానం ఒక్కటే: తల లోపల. మీకు హెలికాప్టర్ పుర్రెలో నుంచి పోయినట్టు అనిపించడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడుగా, జరగని వడపోతను ముందే లెక్కకట్టి శబ్దంలో కలిపి పంపుతారు. బొమ్మ తల చెవులలో మైక్రోఫోన్లు అమర్చి, చుట్టూ అనేక దిక్కుల నుంచి శబ్దం వినిపించి, ఏ దిక్కు నుంచి వస్తే ఏ మార్పు వస్తోందో నమోదు చేస్తారు. 1972లో తయారైన కెమార్ అనే బొమ్మ ఈ పనికి నేటికీ వాడుకలో ఉంది. తరువాత సినిమాలోని వెనుక ఛానెల్ (వెనుక స్పీకరుకు ఉద్దేశించిన) శబ్దానికి ఆ మార్పులను అద్ది మీ రెండు చెవులకు పంపితే అది వెనుక నుంచి వచ్చినట్టు తోచాలి. తోస్తుంది కూడా, ఆ బొమ్మ చెవులు మీ చెవులను పోలి ఉంటే! లేకపోతే ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టే ఉంటుంది. కొందరికి అతికినట్టు సరిపోతుంది, కొందరికి భుజాల దగ్గర బిగుస్తుంది. అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వెనుక శబ్దం కాదు, ఎదుటి శబ్దం. తెర మీద మాట్లాడుతున్న మనిషి గొంతు తెర మీద నుంచి రాకుండా నుదుటి మీద నుంచో, నడినెత్తి నుంచో వస్తున్నట్టు వినబడుతుంది.

ఈ లోపాన్ని తగ్గించే మార్గాలలో నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది తల కదలికను గమనించే సదుపాయం. హెడ్‌ఫోన్‌లోని సెన్సర్ మీ తల తిరిగినంత మేరకు శబ్దాన్ని ఎదురు దిశలో తిప్పుతుంది, దాంతో గొంతు తెర దగ్గరే నిలబడుతుంది. వడపోత మీ చెవికి పూర్తిగా సరిపోకపోయినా ఈ ఒక్క సదుపాయంతో ముందు వెనుకల తికమక చాలా తగ్గుతుంది. కొన్ని సంస్థలు ఫోన్ కెమెరాతో చెవిని ఫొటో తీయించుకుని వడపోతను దానికి తగ్గట్టు సవరిస్తున్నాయి. స్మిత్ రిసెర్చ్ వారి రియలైజర్ అనే పరికరం ఇంకా ముందుకు వెళ్లి, అసలు స్పీకర్లు ఉన్న గదిలో మిమ్మల్ని కూర్చోబెట్టి, మీ చెవులలోనే చిన్న మైక్రోఫోన్లు పెట్టి కొలుస్తుంది. కొలతలు చక్కగా కుదిరితే మోగుతున్నది హెడ్‌ఫోనా, ఎదుటి స్పీకరా అని సందేహం వచ్చేంత దగ్గరగా ఉంటుంది. అంటే మీ వాదన ఓడిపోలేదు, దానికి తగిన కొలతలే మీ హెడ్‌ఫోన్‌లో లేవు.

మీరు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మీ టీవీ గానీ ఫోన్ గానీ హెడ్‌ఫోన్‌కు రెండు ఛానెళ్ల స్టీరియోనే పంపుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు పెట్టె మీద 7.1 అని ఉన్నా, వెనుక ఛానెళ్లలో ఏముందో హెడ్‌ఫోన్‌కు తెలిసే అవకాశమే లేదు. ఆడియో ఔట్‌పుట్ సెట్టింగులు, సినిమా యాప్‌లో ఎంచుకున్న శబ్ద పథం (ఆడియో ట్రాక్) ఒకసారి చూసుకోండి.

రెండు చెవులకు రెండు వేర్వేరు శబ్దాలను పంపి స్థలభావన కలిగించడం కొత్త ఆలోచన కాదు. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో ఫ్రెంచ్ ఇంజినీరు క్లెమెంట్ అడేర్ ఆపెరా వేదిక మీద వరుసగా టెలిఫోన్ ట్రాన్స్‌మిటర్లు పెట్టి, ప్రదర్శనశాలలోని శ్రోతలకు చెవికొక రిసీవర్ అందించారు. పాటగాళ్లు వేదిక మీద అటూ ఇటూ నడవడం వారికి వినబడింది. ముందు వెనుకల ముచ్చట అప్పటికి ఎవరికీ అక్కరలేకపోయింది.

ప్రశ్న: ఆటల కోసం హెడ్‌సెట్ కొనాలి. ఒక్కో కప్పులో నాలుగైదు చిన్న స్పీకర్లు ఉన్న ‘నిజమైన సరౌండ్’ రకం ఒకటి, ఒక్కో స్పీకరుతో సాఫ్ట్‌వేర్ ద్వారా సరౌండ్ ఇచ్చే రకం మరొకటి ఉన్నాయి. నిజమైనదే మేలు కదా?

జవాబు: ‘నిజమైన’ అన్న మాటకు మోసపోవద్దు. కప్పు లోపల ముందు, వెనుక అని అమర్చిన స్పీకర్ల మధ్య దూరం రెండు మూడు సెంటీమీటర్లే. అవన్నీ చెవికి ఆనుకునే ఉంటాయి, తలతోపాటే తిరుగుతాయి, అవతలి చెవికి ఏ ఒక్కటీ వినబడదు. దిక్కును తెలిపే ఆనవాళ్లలో చెవి డొప్ప చేసే వడపోత అరకొరగా దక్కవచ్చు గానీ తక్కినవి దక్కవు. అంత చోటులో అన్ని స్పీకర్లు ఇరికించాలంటే ఒక్కొక్కటి చిన్నదిగా ఉండక తప్పదు కాబట్టి సంగీతం వినేటప్పుడు ఆ పలుచదనం బయటపడుతుంది. చెవికి ఒక్కటే మంచి స్పీకరు ఉన్న మామూలు స్టీరియో హెడ్‌ఫోన్, వీలైతే వెనుక జాలీ ఉన్న ఓపెన్ రకం, దానికి సాఫ్ట్‌వేర్ సరౌండ్ జోడించుకోవడమే నా సలహా. ఓపెన్ రకం నుంచి శబ్దం బయటికి వినబడుతుంది, బయటి చప్పుళ్లు లోపలికి వస్తాయి, ఆ మాట మాత్రం గుర్తుంచుకోండి.

సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆటలో హెడ్‌ఫోన్ సరౌండ్, కంప్యూటరులో ఒక సరౌండ్, హెడ్‌సెట్ సొంత యాప్‌లో మరో సరౌండ్ అన్నీ ఒకేసారి ఆన్ చేసి ఉంచుతారు. ఒకసారి వడపోసిన శబ్దాన్ని మళ్లీ మళ్లీ వడపోస్తే అడుగుల చప్పుడు బావిలో నుంచి వస్తున్నట్టు ఉంటుంది గానీ ఎటు నుంచి వస్తున్నదో తెలియదు. ఏదో ఒకటే ఉంచండి. ఆటలోనే ఆ సదుపాయం ఉంటే దానికే ప్రాధాన్యం ఇవ్వండి, ఎందుకంటే ప్రతి శబ్దం ఎక్కడ పుట్టిందో కచ్చితంగా తెలిసినది ఆటకే.

ప్రశ్న: అయిదు స్పీకర్లు, సబ్‌వూఫర్, రిసీవర్ (శబ్దాన్ని స్పీకర్లకు పంచే యంత్రం) కొని ఆరు నెలలైంది. హాలులో సోఫా వెనుక గోడకు ఆనుకుని ఉంది. వెనుక స్పీకర్లను అదే గోడ మీద, సోఫాకు కొంచెం పైన బిగించాము. శబ్దం చుట్టుముట్టడం లేదు సరికదా, కుడిచివర కూర్చున్న మా నాన్నగారికి కుడి వెనుక స్పీకరు తప్ప మరేదీ వినబడడం లేదట. మాటలు కూడా సరిగ్గా అర్థం కావడం లేదు. హెడ్‌ఫోన్లే నయమనిపిస్తోంది.

జవాబు: తొందరపడకండి. చెవి డొప్ప, తల కదలిక అనే రెండు వరాలూ స్పీకర్లతో మీకు ఉచితంగానే లభిస్తాయి. వాటిని పాడుచేసేది గది, అమరిక. మీరు వర్ణించిన లక్షణాలన్నీ అమరికకు సంబంధించినవే.

ముందుగా కోణాలు చూద్దాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 5.1 అమరికకు ఇచ్చిన సిఫారసు ప్రకారం వినేవారి ముక్కు సూటిగా మధ్య స్పీకరు, దానికి రెండు పక్కలా 30 డిగ్రీల దగ్గర ముందు స్పీకర్లు, 100 నుంచి 120 డిగ్రీల మధ్య సరౌండ్ స్పీకర్లు ఉండాలి. ఈ చివరి అంకెను గమనించండి. 5.1లో మనం ‘వెనుక స్పీకర్లు’ అని పిలిచేవి నిజానికి వెనుక ఉండవలసినవి కావు, భుజాల కంటే కొద్దిగా వెనక్కి జరిగిన పక్క స్పీకర్లు. సోఫా గోడకు ఆనుకున్నప్పుడు వాటిని ఆ గోడకే కొట్టడం వల్ల తలకు మరీ దగ్గరవుతాయి. పక్క గోడల మీదకు గానీ స్టాండ్ల మీదకు గానీ మార్చి, చెవి ఎత్తుకు ఒకటి రెండు జానల పైన ఉంచితే చాలు.

ఇక మీ నాన్నగారి ఇబ్బంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వస్తే, ముందు చేరిన దాని వైపు నుంచే అంతా వస్తున్నట్టు మనకు తోస్తుంది. దీనిని జర్మన్ పరిశోధకుడు హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో వివరంగా పరిశీలించారు. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ముందు స్పీకరు మూడు మీటర్ల దూరంలోనూ, కుడి సరౌండ్ ఒక్క మీటరు దూరంలోనూ ఉంటే రెండోది దాదాపు 6 మిల్లీసెకన్ల ముందు చేరుతుంది, దగ్గర ఉండడం వల్ల బిగ్గరగానూ వినబడుతుంది. రిసీవరులో ప్రతి స్పీకరు దూరాన్నీ టేపుతో కొలిచి నమోదు చేస్తే అది దగ్గరి స్పీకర్లను ఆ మేరకు ఆలస్యం చేస్తుంది. రిసీవరుతో వచ్చిన మైక్రోఫోన్ ఉంటే దానితో జరిగే కొలత ఇంకా సులువు. అయితే ఈ సవరణ ఒక్క స్థానానికే పూర్తిగా సరిపోతుంది. సోఫాలో నలుగురు కూర్చుంటే నలుగురికీ ఒకే అనుభవం ఇవ్వడం స్పీకర్లకు సాధ్యం కాదు. ఇక్కడ హెడ్‌ఫోనుది పైచేయి అని ఒప్పుకోవాలి. ఎవరి తలకు వారే మధ్యస్థానం!

మాటలు అర్థం కాకపోవడానికి సాధారణంగా మధ్య స్పీకరే కారణమవుతుంది. దానిని టీవీ బల్ల అరలోకి లోతుగా నెట్టారేమో చూడండి. అరలో మోగే గొంతు బరువుగా, ముద్దగా ఉంటుంది. అర అంచు దాకా ముందుకు లాగి, ముఖం కొద్దిగా చెవుల వైపు ఎత్తి, రిసీవరులో దాని మట్టాన్ని ఒకటి రెండు డెసిబెళ్లు పెంచండి.

సోఫాను గోడ నుంచి ఒక మూరెడైనా ముందుకు జరపగలిగితే ఇంకో లాభం ఉంది. నాలుగు మీటర్ల పొడవున్న గదిలో దాదాపు 43 హెర్ట్జ్ దగ్గర మంద్రధ్వని గోడల మధ్య ఊగుతూ నిలబడిపోతుంది. గోడల దగ్గర అది ఉబ్బుతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. గోడకు తల ఆనించి కూర్చున్నవారికి ప్రతి పేలుడూ ఒకే రకపు ‘ఢమ్’గా వినబడేది అందుకే. హెడ్‌ఫోన్‌కు ఈ జబ్బు లేదు. అలాగే హెడ్‌ఫోన్‌లో ఎంత లోతైన మంద్రమైనా చెవికి వినబడుతుందే గానీ గుండెకు, నేలకు, కుర్చీకి తగలదు. సబ్‌వూఫర్ చేసే ఆ పనికి మరో ప్రత్యామ్నాయం లేదు.

చివరిగా ఒక అనుభవం. నేను మొదటిసారి స్పీకర్లు బిగించుకున్నప్పుడు ముందు రెండింటి మధ్య గొంతు ఎప్పటికీ కుదురుకోలేదు, మంద్రం ఎక్కడికో పోయింది. కోణాలు మార్చాను, తివాచీ మార్చాను, రెండు వారాలు రిసీవరును తిట్టుకున్నాను. చివరికి చూస్తే ఎడమ స్పీకరు వెనుక ఎర్ర పిన్నుకు నల్ల తీగ, నల్ల పిన్నుకు ఎర్ర తీగ బిగించి ఉన్నాయి. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే మరొకటి వెనక్కి లాగుతున్నది. ఏ స్పీకరునైనా అనుమానించే ముందు దాని వెనుక తీగల రంగులు చూడడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

ప్రశ్న: డాల్బీ అట్మాస్ అంటే పైకప్పుకు స్పీకర్లు ఉండాలంటారు. మరి హెడ్‌ఫోన్ల మీద, ఫోన్ల మీద కూడా అట్మాస్ అని ఎలా రాస్తున్నారు? ఇంట్లో పైకప్పుకు రంధ్రాలు చేయకుండా ఈ అనుభవం పొందవచ్చునా?

జవాబు: 2012లో సినిమా హాళ్లలోకి, 2014లో ఇళ్లలోకి వచ్చిన ఈ పద్ధతిలో అసలు మార్పు స్పీకర్ల సంఖ్యలో కాదు, శబ్దాన్ని రాసుకునే తీరులో ఉంది. పాత పద్ధతిలో ‘ఈ శబ్దం ఎడమ సరౌండ్ స్పీకరుది’ అని ముందే కలిపి పంపేవారు. ఇందులో వాన చినుకు, పక్షి, హెలికాప్టర్ వంటి వాటిని విడిగా ఉంచి, ఏ క్షణంలో గదిలో ఏ చోట ఉండాలో కొలతలు జతచేసి పంపుతారు. సినిమా హాలు వ్యవస్థ ఇలా 128 శబ్ద పథాలను, 64 స్పీకర్ల దాకా నడపగలదు. మీ ఇంట్లో ఎన్ని స్పీకర్లు ఉన్నాయో చూసుకుని శబ్దాన్ని వాటికి పంచే పని రిసీవరుది. అదే కొలతలను చెవి వడపోతతో కలిపి రెండు చెవులకు లెక్కకట్టే పని హెడ్‌ఫోన్ సాఫ్ట్‌వేరుది. కాబట్టి హెడ్‌ఫోన్ మీద ఆ పేరు రాయడం అబద్ధం కాదు. అయితే ఎత్తును తెలిపే ఆనవాళ్లు దాదాపు పూర్తిగా చెవి డొప్ప మడతల మీదే ఆధారపడినవి కాబట్టి, ఇంతకు ముందు చెప్పిన చొక్కా కొలతల చిక్కు అక్కడే మరీ ముదురుతుంది. హెడ్‌ఫోన్‌లో వెనుక శబ్దం బాగా వినబడినవారికి కూడా నెత్తి మీది వాన అంత తేలికగా వినబడదు.

పైకప్పుకు రంధ్రాలు వద్దనుకునేవారికి, శబ్దాన్ని పైకి విసిరి పైకప్పుకు తగిలించి కిందికి తెచ్చే స్పీకర్లు ఉన్నాయి. పైకప్పు చదునుగా, గట్టిగా, మరీ ఎత్తు కాకుండా ఉంటే అవి తృప్తికరంగానే పనిచేస్తాయి. ఏటవాలు కప్పు, శబ్దాన్ని పీల్చుకునే పలకలు ఉన్నచోట ఆ ఖర్చు దండగ. నన్ను అడిగితే, సరిగ్గా అమర్చిన 5.1 ముందు తోచినచోట తగిలించిన 7.1.4 (7.1కి తోడు పైన నాలుగు స్పీకర్లు) దిగదుడుపే అంటాను.

ప్రశ్న: టీవీ నుంచి రిసీవరుకు ఆప్టికల్ కేబుల్ వేశాము. అట్మాస్ అని ఎన్నడూ చూపడం లేదు. అలాగే బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆట ఆడితే తుపాకి పేలిన తరువాత చప్పుడు వస్తోంది.

జవాబు: ఆప్టికల్ కేబుల్ మామూలు డాల్బీ డిజిటల్ 5.1 వరకే మోయగలదు, అట్మాస్ దాని గుండా రాదు. హెచ్‌డీఎంఐలోని ఏఆర్‌సీ (టీవీ నుంచి శబ్దాన్ని రిసీవరుకు పంపే సదుపాయం) ద్వారా ఓటీటీ సేవలు ఇచ్చే అట్మాస్ వస్తుంది. బ్లూరే డిస్కులోని నాణ్యత ఏమాత్రం పోకుండా కుదించిన రకాన్ని టీవీ మీదుగా పంపాలంటే దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ కావాలి. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి సాధారణంగా 100 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. సినిమా అయితే బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సరిపెట్టవచ్చు, ఆటలో అది కుదరదు. ఆటలకు తీగ ఉన్న హెడ్‌ఫోన్ గానీ, సొంత యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్ గానీ వాడండి.

ప్రశ్న: మా అబ్బాయి రోజూ మూడు నాలుగు గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటాడు. స్పీకర్లు కొనిస్తే చెవులకు మేలు జరుగుతుందా అని మా వారిని అడిగితే ‘శబ్దం ఎక్కడి నుంచి వస్తే ఏమిటి’ అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఆయన మాటలో నిజం ఉంది, మీ భయంలోనూ ఉంది. చెవికి హాని చేసేది శబ్ద తీవ్రత, అది కొనసాగిన వ్యవధి. ఒకే తీవ్రతతో ఒకే సేపు వింటే అది ఏ పరికరం నుంచి వచ్చినా చెవికి ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 80 డెసిబెళ్ల వద్ద 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెళ్ల వద్ద 40 గంటలు హద్దుగా సూచించింది. తీవ్రత 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ వినదగిన వ్యవధి సగమవుతుంది. 80 వద్ద 40 గంటలు వినగలిగిన పెద్దలు 83 వద్ద 20 గంటలకు, 86 వద్ద 10 గంటలకు ఆపాలి.

తేడా ఎక్కడంటే, స్పీకరు శబ్దం పెరిగితే పక్క గదిలోని మీరు కేకేస్తారు, హెడ్‌ఫోన్ శబ్దం పెరిగితే ఎవరికీ తెలియదు. అతనికి కూడా తెలియదు, ఎందుకంటే కొద్దికొద్దిగా పెంచుతూ పోతే చెవి అలవాటు పడిపోతుంది. ఫ్యాను, బయటి వాహనాల రొదను అణచడానికే చాలామంది శబ్దం పెంచుతారు కాబట్టి, రొదను తగ్గించే సదుపాయం ఉన్న హెడ్‌ఫోన్ అయితే తక్కువ శబ్దంతోనే సరిపెట్టుకోగలుగుతారు. ఫోన్‌లో గరిష్ఠ తీవ్రతకు హద్దు పెట్టే సెట్టింగు ఉంటుంది, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అతని చేతనే పెట్టించండి. ఆట ముగిశాక చెవిలో గుయ్‌మనే హోరు వినబడుతోందా అని అడగండి. అవునంటే ఆ తీవ్రత అప్పటికే ఎక్కువైనట్టు, అది తరచుగా జరుగుతుంటే చెవి వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి నాకు ఎడమ చెవి వినబడదు. ఇంట్లో వాళ్లు సరౌండ్ స్పీకర్లు కొందామంటున్నారు. నాకు దానివల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా, హెడ్‌ఫోనే చాలునా?

జవాబు: మీ విషయంలో మొగ్గు స్పష్టంగా స్పీకర్ల వైపే. హెడ్‌ఫోన్‌లో ఎడమ కప్పుకు పంపినదంతా మీకు అందకుండా పోతుంది. సరౌండ్ సాఫ్ట్‌వేర్ పనిచేసేది ప్రధానంగా రెండు చెవుల మధ్య తేడాల మీద కాబట్టి దానివల్ల మీకు పెద్దగా లాభం లేదు, పైగా ఆ వడపోత వల్ల మాటల స్పష్టత తగ్గవచ్చు. గదిలో మాత్రం ఎడమ స్పీకరు శబ్దం కూడా తలను చుట్టి, గోడలకు తగిలి మీ కుడి చెవిని చేరుతుంది. ఏ మాటా, ఏ వాయిద్యమూ పూర్తిగా జారిపోదు.

ఏ స్పీకరు మోగుతున్నదో చెప్పడం రెండు చెవులున్నవారికి ఉన్నంత సులువుగా మీకు ఉండదు. అయినా చెవి డొప్ప చేసే వడపోత ఒక చెవితోనైనా కొంత సమాచారం ఇస్తుంది, తల తిప్పితే తీవ్రతలో వచ్చే హెచ్చుతగ్గులు ఇంకొంత ఇస్తాయి. బయట ఎవరైనా పిలిచినప్పుడు తల తిప్పి వెతుక్కోవడం మీకు ఎలాగూ అలవాటై ఉంటుంది, ఇక్కడ కూడా అదే పనికొస్తుంది. కూర్చునే చోటు సోఫాలో ఎడమ చివరన ఎంచుకోండి. అప్పుడు మధ్య స్పీకరు, తెర, గదిలోని మనుషులు అందరూ మీ కుడి చెవి వైపే ఉంటారు. మధ్య స్పీకరు మట్టాన్ని రెండు మూడు డెసిబెళ్లు పెంచమనండి, దానివల్ల మిగిలినవారికి ఇబ్బంది ఉండదు.

రాత్రివేళ హెడ్‌ఫోన్ వాడక తప్పనప్పుడు ఫోన్‌లో గానీ టీవీలో గానీ యాక్సెసిబిలిటీ సెట్టింగులకు వెళ్లి మోనో ఆడియోను ఎంచుకోండి. రెండు ఛానెళ్లూ కలిసి కుడి కప్పులోకి వస్తాయి. ఆ సెట్టింగు పెట్టేటప్పుడు సరౌండ్ సదుపాయాన్ని ఆపివేయడం మరువకండి.